కొలను తవ్వితే దోమలు, పాములు వస్తాయా?
పెరటి తోట – పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి అన్నీ నీటి కొలనుల గురించే. అందం గురించి అడిగినవాళ్లు తక్కువ, భయం గురించి అడిగినవాళ్లు ఎక్కువ. అందుకని కలువలను, తామరలను ఇంకోసారికి ఆపి, పిలవకుండా వచ్చే అతిథుల సంగతే చూద్దాం.

ప్రశ్న: పెరట్లో 2 మీటర్ల పొడవు, మీటరున్నర వెడల్పు, 60 సెంటీమీటర్ల లోతుతో చిన్న కొలను కట్టుకుందామనుకుంటున్నాం. దోమలకు మనమే ఇల్లు కట్టిచ్చినట్టవుతుందని ఇంట్లో పెద్దవాళ్లు అడ్డుపడుతున్నారు. వాళ్ల మాట నిజమేనా?

జవాబు: సగం నిజం. దోమ వృద్ధి కావడానికి నీరొక్కటే చాలదు. ఆ నీరు కదలకుండా ఉండాలి, దాని పిల్లల్ని తినే జీవి అందులో ఉండకూడదు. ఈ రెండూ కుదిరితే వెచ్చటి వాతావరణంలో గుడ్డు నుంచి రెక్కల దోమ దాకా 7 నుంచి 10 రోజులు చాలు. కుదరనివ్వకుండా చూడటం కొలను యజమాని పని, అది పెద్ద కష్టమేమీ కాదు.

మీ కొలనులో పట్టే నీరు దాదాపు 1,800 లీటర్లు. ఆ నీరంతా గంట, రెండు గంటలకోసారి పంపు గుండా తిరగాలి. అంటే గంటకు 900 నుంచి 1,800 లీటర్లు తోడే పంపు కావాలి. ఇక్కడ చాలామంది పొరపడతారు. డబ్బా మీద పెద్ద అక్షరాల్లో ఉండే అంకె, నీటిని పైకి ఎత్తే పనిలేనప్పటి లెక్క. మీరు మీటరు ఎత్తు నుంచి జలపాతంలా దూకించాలనుకుంటే అంత నీరు రాదు. లోపలి కాగితం మీద ఎత్తుల వారీగా పట్టిక ఉంటుంది, మీ ఎత్తుకు ఎదురుగా ఉన్న అంకె చూసి కొనండి.

పంపు ఒక చివర, నీరు తిరిగి పడేచోటు రెండో చివర ఉండాలి. రెండూ పక్కపక్కనే పెడితే నీరు అక్కడికక్కడే గిరికీలు కొడుతుంది, దూరంగా ఉన్న మూలలు మాత్రం నిద్రపోతుంటాయి. అనుమానముంటే గుప్పెడు రంపపు పొట్టు నీటి మీద చల్లి పది నిమిషాలు చూడండి. పొట్టు ఎక్కడ కదలకుండా నిలబడిందో దోమ అక్కడికే వస్తుంది. గొట్టం మూతిని అటువైపు తిప్పండి. కరెంటు ఆదా అని రాత్రిళ్లు పంపు ఆపేయకండి, చాలా రకాల దోమలు గుడ్లు పెట్టేది పొద్దుగూకాకే. ఒకటి రెండు రోజులు కరెంటు పోతే మాత్రం కంగారు పడక్కర్లేదు. అంత తక్కువ సమయంలో గుడ్డు దోమ కాలేదు.

ఇక పెద్దవాళ్లకు చెప్పాల్సిన ఇంకో సంగతి. డెంగీని మోసే ఏడిస్ దోమ చేపలున్న కొలను కంటే చిన్న పాత్రలనే ఎక్కువగా ఇష్టపడుతుంది. కుండీ కింది పళ్లెం, మూత లేని బకెట్టు, పాత టైరు, టార్పాలిన్ ముడతలో నిలిచిన వాన నీరు దానికి చాలు. అది గుడ్లను నీటి అంచుకు కాస్త పైన, పాత్ర గోడకు అంటించి పోతుంది. అవి ఎండిపోయినా నెలల తరబడి బతికే ఉంటాయి, మళ్లీ తడి తగలగానే పగులుతాయి. కాబట్టి పళ్లెంలో నీరు పారబోస్తే సరిపోదు, వారానికోసారి గరుకు బ్రష్‌తో లోపలి గోడ రుద్దాలి. కొలను కట్టినవాళ్లు తరచూ మరిచిపోయే చోట్లు కూడా ఇలాంటివే: పంపు గొయ్యి, వాల్వు గుంత, వాడకుండా వదిలేసిన ఫిల్టరు డబ్బా, అలంకారానికి పెట్టిన గుల్ల బొమ్మ లోపలి నీరు, పొంగిన నీరు బయటపడేచోట ఏర్పడే చిన్న మడుగు. కొలను మీద నేరం మోపేముందు వీటిని ఒకసారి వెతకండి.

ప్రశ్న: మా కొలనులో చేపలున్నాయి, పంపూ తిరుగుతుంది. నీటిపై అంతరతామర దట్టంగా అల్లుకుంది, చూడముచ్చటగా ఉంది. అయినా సాయంత్రం కాగానే దోమలు ముసురుతున్నాయి. చేపలు ఉండి ఏం లాభం?

జవాబు: చూడముచ్చటగా ఉన్నదే మీ ఇబ్బందికి మూలం కావచ్చు. మామూలు దోమ లార్వా, అంటే గుడ్డు నుంచి వచ్చి నీటిలో ఈదే పిల్ల, ఊపిరి కోసం నీటి పైకి రావాలి, అప్పుడే చేప కంట పడుతుంది. మాన్సోనియా అనే జాతి దోమల తీరు వేరు. వాటి లార్వా తన శ్వాసగొట్టాన్ని అంతరతామర, గుర్రపు డెక్క లాంటి తేలే మొక్కల వేళ్లలోకి గుచ్చి, అక్కడి గాలినే పీల్చుకుంటుంది. పైకి రావలసిన పనే లేదు. గుబురు వేళ్ల మధ్య ఉంటుంది కాబట్టి చేప నోటికీ దొరకదు. ఈ జాతి దోమల్లో కొన్ని బోదకాలు వ్యాధిని మోస్తాయి.

అంతరతామర మొత్తం తీసేయడమే మంచిది. తీసినదాన్ని కాలువలో, చెరువులో పారేయకండి, అక్కడ ఊరంతా అల్లుకుంటుంది. గట్టు మీద నీడలేని చోట ఆరబెట్టి, బాగా ఎండాక ఎరువు కుప్పలో వేయండి. నీటికి నీడ కావాలంటే అడుగున కుండీలో నాటిన కలువ చాలు. దాని ఆకులు కూడా నీటి పైభాగంలో సగానికి మించి కప్పేయనివ్వకండి. ముదిరి పసుపెక్కిన ఆకులను కాడతో సహా అడుగు దాకా తుంచేయాలి. కాడ సగంలో తుంచితే మిగిలిన ముక్క నీటిలోనే కుళ్లుతుంది.

ప్రశ్న: దోమల మీద పనిచేస్తుందని బీటీ పొడి తెచ్చి రెండుసార్లు చల్లాను. లార్వాలు హాయిగా ఈదుతున్నాయి. మందు నకిలీదా?

జవాబు: నకిలీ కాకపోవచ్చు, వేరే బీటీ అయి ఉండొచ్చు. బీటీ అంటే పురుగుల్ని చంపే ఒక బాక్టీరియా మందు, అందులో రకాలున్నాయి. పొట్లం మీద పూర్తి పేరు చదవండి. ‘కుర్‌స్టాకి’ అని ఉంటే అది ఆకులు తినే గొంగళి పురుగుల మందు, దోమలకు పనికిరాదు. మీకు కావలసింది ‘ఇజ్రాయెలెన్సిస్’ అనే రకం. 1976లో ఇజ్రాయెల్‌లోని నెగెవ్ ఎడారిలో ఒక నీటి గుంట నుంచి వేరుచేసిన బాక్టీరియా ఇది, ఆ పేరు అలాగే వచ్చింది. లార్వా దీన్ని మింగితే పేగు దెబ్బతిని చనిపోతుంది. చేపలకు, కప్పలకు, తేనెటీగలకు హాని లేదు.

సరైన మందే తెచ్చినా పని చేయకపోవడానికి ఇంకో మూడు కారణాలుంటాయి. మొదటిది, అప్పటికే లార్వా దశ దాటిపోయి ఉండటం. తెల్లటి గిన్నెతో అంచు వెంబడి ఐదారు చోట్ల నీరు ముంచి చూడండి. సన్నగా, పొడుగ్గా మెలికలు తిరుగుతూ ఈదేవి లార్వాలు. కామా గుర్తులా వంగి, తాకగానే పల్టీలు కొడుతూ కిందికి పోయేవి ప్యూపాలు. ప్యూపా ఏమీ తినదు, తిననిదానికి మింగించే మందుతో పనేముంది? వాటిని సన్న కన్నుల వలతో దేవడమే, లేకపోతే రెండు మూడు రోజుల్లో దోమలై ఎగిరిపోతాయి. రెండోది, నీరు పచ్చగా, చిక్కగా ఉండటం. తిండి అంత దొరుకుతుంటే లార్వా మందు తినేది తక్కువ. పైగా పొడి మురికితో కలిసి అడుక్కు దిగిపోతుంది. మూడోది మోతాదు. దాన్ని నీటి లోతుతో కాదు, పైభాగం విస్తీర్ణంతో లెక్కగడతారు. మీ పొట్లం మీద చదరపు మీటరుకు ఎంత రాశారో అంతే వేయండి. పొడి రకాల ప్రభావం వారం ప్రాంతంలో తగ్గిపోతుంది, మళ్లీ వేయాలి. నెమ్మదిగా కరిగే బిళ్లలు నెల దాకా వస్తాయి.

కిరోసిన్, వంటనూనె చుక్కలు వేయమనే సలహాలు విని ఉంటారు. నూనె పొర లార్వాకు ఊపిరాడనివ్వదు, నిజమే. దాంతోపాటు నీటి మీద నడిచే పురుగులు, పైకొచ్చి గాలి పీల్చే పెంకు పురుగులు, అంటే దోమ పిల్లల్ని తినే జీవులు కూడా పోతాయి. తర్వాతి వారం మొదటికే మోసం.

ప్రశ్న: దోమ పిల్లల్ని తినే చేపల్లో గంబూసియా వేయాలా, గప్పీ వేయాలా? ఎన్ని?

జవాబు: గప్పీ. గంబూసియా దోమ పిల్లల్ని తింటుంది గానీ, తోకకప్పలను, ఇతర చేపల గుడ్లను, పిల్లల్ని కూడా వదలదు. సొంత ప్రాంతం కాని నీళ్లలో దాన్ని వదిలిన చాలా చోట్ల స్థానిక జీవులకు చేటు చేసింది. మొదటి ప్రశ్నలోని కొలతల కొలనుకు 10 – 15 గప్పీలు చాలు. ఆడవి మూడొంతులు, మగవి ఒక వంతు ఉంటే రెండు మూడు నెలల్లో వాటంతటవే పెరుగుతాయి. నీరు బాగా చల్లబడే ప్రాంతంలో గప్పీ నిలవదు, అక్కడ గోల్డ్‌ఫిష్ మేలు. ఏ చేపైనా సరే, ఎక్కువయ్యాయని చెరువులో వదలకండి.

సంచీలో తెచ్చిన చేపలను అలాగే కుమ్మరించొద్దు. మూతి కట్టిన సంచీని పావుగంట నీటి మీద తేలనివ్వండి, తర్వాత కొలను నీరు కొద్దికొద్దిగా కలుపుతూ ఇంకో పావుగంట ఆగండి. కుళాయి నీటిలో క్లోరిన్ ఉంటే ఒక రోజు తొట్టిలో నిలవ ఉంచి నింపాలి. క్లోరమైన్ కలిపే చోట నిలవ ఉంచినా పోదు, దాన్ని విరిచే మందు వాడాల్సిందే.

మేతలో పిసినారిగా ఉండండి. కడుపు నిండిన చేప లార్వా వెంట పడదు. అసలు వేయకపోయినా పాచి, పురుగులు తిని గప్పీలు బతుకుతాయి.

ప్రశ్న: కొలను గట్టు రాళ్ల మధ్య పాము కనబడింది. పూడ్చేయమని అందరూ అంటున్నారు. గంధకం, నాఫ్తలీన్ గోళీలు చల్లితే రాదంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: పూడ్చనక్కర్లేదు. ఆ గోళీలు మాత్రం వద్దు. గంధకం గానీ నాఫ్తలీన్ గానీ పామును ఆపవు. వానకు నాఫ్తలీన్ కొలనులోకి కొట్టుకొస్తే చేపలు చచ్చిపోతాయి. కార్బాలిక్ ఆమ్లం ఇంకా ప్రమాదం, అది మనిషి చర్మాన్ని కాలుస్తుంది.

పాము అక్కడికి రావడానికి దానికో లెక్క ఉంది. రాత్రి వెలిగే తెల్లటి దీపానికి పురుగులొస్తాయి. పురుగుల కోసం కప్పలు, కప్పల కోసం పాము. మిగిలిపోయిన మేతకు ఎలుకలొస్తే వాటి కోసం ఇంకో పాము. తిన్నాక పడుకోవడానికి మీ రాళ్ల సందు. ఈ గొలుసులో మీరు సులువుగా తెంపగలిగేవి సందు, దీపం, ఎలుక. కప్పను వదిలేయండి.

గట్టు రాళ్ల మధ్య వేలు దూరేంత సందున్నా సిమెంటు మోర్టారుతో పూడ్చండి. పైపైన కాదు, ఇనుప కమ్మీతో లోపలికి కూరాలి, లేదంటే ఒక్క వానాకాలానికే ఊడి మళ్లీ గుల్ల అవుతుంది. కొలను చుట్టూ మీటరు వెడల్పున గడ్డిని పొట్టిగా కత్తిరించి ఉంచండి, లేదా సన్న కంకర పరచండి. పాము అక్కడ దాక్కోలేదు, ఉంటే మీకు కనబడుతుంది. కట్టెల మోపు, ఇటుకల గుట్ట, ఎరువు కుప్ప కొలనుకు దూరంగా జరపండి. పంపు డబ్బాకు మూత, వైర్లు వెళ్లే గొట్టాల మూతులకు సన్న జాలీ పెట్టండి. దీపం పసుపు రంగుది పెట్టి, అవసరం తీరాక ఆపేయండి. పాముకు అడ్డంగా నేల మీద వల పరిచే పని మాత్రం చేయకండి. అందులో చిక్కుకున్న పాము చచ్చేదాకా పెనుగులాడుతుంది, దాన్ని విడదీయబోయిన చేతికి కాటు తప్పదు.

నీటిలో కనబడే పాముల్లో విషంలేనివి చాలానే ఉంటాయి, కానీ ఏ పామైనా ఈదగలదు. కాబట్టి ‘నీటిపామేలే’ అని కర్రతో కదపొద్దు. రెండు మూడు మీటర్ల దూరంలో నిలబడి, శిక్షణ ఉన్న పాములు పట్టేవారిని పిలవండి. ఒకవేళ కాటేస్తే తాడుతో బిగించడం, కోయడం, నోటితో పీల్చడం ఏదీ చేయకండి. ఉంగరాలు, గాజులు తీసేసి, ఆ చేయి లేదా కాలు కదలకుండా ఉంచి నేరుగా ఆసుపత్రికి వెళ్లండి.

ప్రశ్న: వాన పడితే చాలు, కప్పల గోలకు నిద్ర పట్టడం లేదు. ముట్టుకుంటే పులిపిర్లు వస్తాయంటారు, పిల్లలేమో వాటితోనే ఆడుతున్నారు. పట్టి దూరంగా వదిలేయమంటారా?

జవాబు: పులిపిర్లు మనిషి నుంచి మనిషికి పాకే ఒక వైరస్ వల్ల వస్తాయి, కప్పల వల్ల కాదు. కప్పను పట్టుకున్న చేతులు సబ్బుతో కడుక్కుంటే చాలు. పెంపుడు కుక్క ఉంటే మాత్రం జాగ్రత్త. ఒంటి నిండా బొడిపెలుండే నేల కప్పల చర్మంలో, కళ్ల వెనక గ్రంథుల్లో విషం ఉంటుంది. కుక్క నోట కరచుకుంటే నురగలు కక్కుతుంది. వెంటనే తడిగుడ్డతో చిగుళ్లు, నాలుక తుడిచి పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాలి. గొట్టంతో నీళ్లు కొట్టాల్సి వస్తే మూతి కిందికి వంచి కొట్టండి, విషపు నీళ్లు గొంతులోకి దిగకూడదు.

గోల చేసేవి జతను పిలిచే మగ కప్పలు. ఆ సందడి గుడ్లు పెట్టే కాలంలో కొన్ని వారాలే. పట్టి వేరేచోట వదలకండి. కప్పలను ఊళ్లకు ఊళ్లు తుడిచిపెట్టే కైట్రిడ్ అనే శిలీంధ్ర రోగం అలా చేతులు మారిన కప్పలతో కూడా కొత్త చోట్లకు పాకుతుంది. గోల తగ్గాలంటే పడకగది కిటికీ వైపు అంచున ఉన్న గుబురు మొక్కలను కత్తిరించండి, కప్పలు కూతకు అవతలి గట్టుకు మారతాయి. కొలను ఇంకా కట్టనివాళ్లు దాన్ని పడకగది కిటికీకి ఎంత దూరంగా కట్టుకుంటే అంత మంచి నిద్ర.

ప్రశ్న: కొంగ రోజూ వచ్చి చేపలను ఏరుకుపోతోంది. ప్లాస్టిక్ కొంగ బొమ్మ పెట్టినా ఆగలేదు.

జవాబు: బొమ్మ కదలదని కొంగకు నాలుగు రోజుల్లో తెలిసిపోతుంది. దాని బలం పొడవాటి కాళ్లు, దాని బలహీనత కూడా అవే. నిలబడే చోటు లేకపోతే వేటాడలేదు. కాబట్టి కొలను అంచులు నిటారుగా, 60 సెంటీమీటర్ల లోతుకు దిగిపోవాలి. మీ కొలనుకు మొక్కల కోసం చుట్టూ లోతు తక్కువ మెట్టు ఉండి ఉంటుంది, కొంగ దిగేది అక్కడే. ఆ మెట్టు మీద కుండీలు సందు లేకుండా పేర్చండి. గట్టు పొడవునా మేకులు పాతి, చేపల గాలానికి వాడే నైలాన్ దారాన్ని నేల నుంచి 15, 30 సెంటీమీటర్ల ఎత్తుల్లో రెండు వరసలుగా బిగించండి. కాలికి అడ్డం తగిలితే కొంగ బెదిరి వెనక్కి తగ్గుతుంది. ఒక్క వరసే కడితే దాటుకొస్తుంది. అడుగున 15 సెంటీమీటర్ల వ్యాసం గొట్టం ముక్కలు రెండు మూడు వేస్తే చేపలకు దాగే చోటు దొరుకుతుంది.

వల కప్పితే బిగుతుగా, నీటికి 15 సెంటీమీటర్ల పైన ఉండాలి. వదులు వల మధ్యలో నీటిని తాకుతుంది, కొంగ దాని మీదే నిలబడి కన్నుల్లోంచి పొడుస్తుంది. లకుముకి పిట్ట సంగతి వేరు. అది కొమ్మ మీంచి దూకుతుంది కాబట్టి, నీటి మీదికి వంగిన కొమ్మలు కొట్టేస్తే సగం బెడద పోతుంది.

నిటారు అంచులకు ఒక దోషం ఉంది. పొరపాటున పడ్డ ఉడుత, పిల్లి పిల్ల, ఎదిగిన కప్ప పిల్లలు ఎక్కి రాలేక చచ్చిపోతాయి, నీరూ కుళ్లుతుంది. అందుకని ఒక మూల 20 సెంటీమీటర్ల వెడల్పు గరుకు చెక్కను వాలుగా ఆనించండి. ఒక వంతు ఎత్తుకు మూడు వంతుల పొడవు ఉంటే ఎక్కగలవు. అంత ఇరుకు చెక్క వల్ల కొంగకు పెద్ద లాభమేమీ ఉండదు.

ఇంకో మాట. ఇంట్లో పసిపిల్లలుంటే ఈ వలలేవీ వాళ్లను కాపాడవు. 5 సెంటీమీటర్ల నీరు కూడా పసివాళ్ల ప్రాణం తీయగలదు. గట్టుకు బిగించిన ఇనుప జాలీ పెట్టండి, లేదా కంచె వేసి తాళం వేయండి. వాళ్లు పెద్దయ్యేదాకా కొలను ఆలోచన వాయిదా వేసుకున్నా తప్పులేదు.

ప్రశ్న: గట్టు పక్కన బొరియలు. ఎలుకలా, పందికొక్కులా తెలియదు. నీరు ఇంకకుండా కొలనులో పరిచిన లైనర్ షీటు కొరికేస్తాయా? మందు పెట్టొచ్చా?

జవాబు: కొరుకుతాయి, షీటు వెనక మట్టి మెత్తగా ఉంటే మరీ. కొత్తగా షీటు పరిచేవాళ్లు దాని వెనక అంచు పొడవునా 12 మిల్లీమీటర్ల కన్నుల గాల్వనైజ్డ్ జాలీని ఒక అడుగు లోతున పాతుకోవాలి. ఇప్పుడు బొరియను బంకమట్టితో మూసి రెండు రోజులు చూడండి. మళ్లీ తెరుచుకుంటే లోపల కాపురం ఉన్నట్టే. విషం వద్దు. మందు తిన్న ఎలుక చచ్చేముందు నీటి దగ్గరికి చేరితే కొలను పాడవుతుంది, దాన్ని తిన్న గుడ్లగూబా పోతుంది. మూత ఉన్న బోనులు గోడ వెంబడి పెట్టండి.

అసలు పిలుస్తున్నది ఏమిటో చూడండి. చేపల మేత రెండు మూడు నిమిషాల్లో తినగలిగినంతే వేయాలి, మేత సంచీని రేకు డబ్బాలో పెట్టాలి, పిట్టలకు చల్లే గింజలు రాత్రికి ఊడ్చేయాలి. చేతి మీద గాయముంటే రబ్బరు తొడుగు లేకుండా కొలను శుభ్రం చేయకండి, ఎలుక మూత్రం కలిసిన నీటి నుంచి లెప్టోస్పైరోసిస్ అనే జ్వరం అంటుకుంటుంది.

ప్రశ్న: అడుగు బురదలో ఎర్రటి సన్న పురుగులు కనబడుతున్నాయి. కొత్త మొక్కలతో పాటు నత్తలు, ఒక జలగ కూడా వచ్చాయి. నీరంతా తోడేసి కడగాలా?

జవాబు: తోడొద్దు. ఎర్ర పురుగులు కుట్టని ఒక రకం ఈగల పిల్లలు. ఆక్సిజన్ తక్కువ ఉండే బురదలో బతకడానికి వాటి ఒంట్లో హిమోగ్లోబిన్ ఉంటుంది, అందుకే ఆ రంగు. చేపలకు అదే విందు. మరీ ఎక్కువైతే బురద పెరిగిందని గుర్తు, అడుగు మడ్డిలో మూడో వంతు మాత్రం తీయండి. నీరంతా మార్చి గోడలు రుద్దితే తూనీగ పిల్లలు, నీటి పెంకు పురుగులు లాంటి వేటగాళ్లు ముందు పోతాయి. కొత్త నీటికి దోమ వారంలోపే వస్తుంది, ఆ వేటగాళ్లు తిరిగి కుదురుకోవడానికి ఒక కాలం పడుతుంది. కొత్త కొలనుకు మొదటి నెలల్లో దోమల బాధ ఎక్కువగా ఉండేది కూడా ఇందుకే.

నత్తలు పాచి, కుళ్లిన ఆకులు తింటాయి, ఉండనివ్వండి. సంఖ్య విపరీతమైతే మేత తగ్గించి, రాత్రి ఒక ఆకుకూర కట్ట నీటిలో వేలాడదీసి పొద్దున్నే వాటితో సహా తీసేయండి. మైలుతుత్తం వేయొద్దు, చేపలను కూడా చంపుతుంది. జలగను చిమ్టాతో తీసేస్తే సరి. ఇకమీదట తెచ్చిన మొక్కను వేళ్ల మట్టి కడిగి, ఆకుల అడుగున జిగురులా అంటిన గుడ్ల ముద్దలు గోకేసి, వేరే తొట్టిలో రెండు వారాలు ఉంచి చూసుకున్నాకే కొలనులో దించండి. ఆ తొట్టిలో మాత్రం దోమలు గుడ్లు పెట్టకుండా పైన సన్నటి గుడ్డ కట్టండి.